కత్తుల షోకి ఒక ఆదివారం

కత్తులకి కూడా షో పెడతారని నాకు తెలీదు. చీరలకి పెడతారు, పుస్తకాలకి పెడతారు. విజయనగరంలో ఓసారి మొక్కలకి పెడితే వెళ్ళి, ఒక గులాబీ అంటు తెచ్చి, నెల తిరక్కుండా ఎండబెట్టీసేను కూడా. కత్తులకి షో ఏటి? ఎవరు చూస్తారు? మా బడి వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆ ప్రకటన పడీసేరు. వైజాగులో, బీచికి దగ్గర్లో ఏదో హాలు, శుక్రవారం మొదలు, ఆదివారంతో సరి. బొమ్మనిండా తళతళలాడే కత్తులు. చేపలు కోసేవి, మాంసం కొట్టేవి, అడవిలోకి వెళ్ళేవాళ్ళు నడుంకి కట్టుకునేవి. చూసి తీసీబోతూ, కింద మూల దగ్గర ఆగిపోయేను. అక్కడ వేలిగోరంత బొమ్మ ఒకటుంది. కత్తిపీట. అదీ నేల మీద కాదు, ఏదో ఎత్తు మీద నిలబడి ఉన్నాది.

రెండు వేళ్ళతో సాగదీసి చూసేను. సాగదీసినకొద్దీ అలుక్కుపోయింది తప్ప తేటపడలేదు. దానికి కాళ్ళున్నాయా, బల్లకి బిగించేరా, అర్థం కాలేదు. కానీ కుర్చీలో కూచున్న మనిషికి అందే ఎత్తులో ఉంది. నాకు కావల్సింది అదే. నాకంటే మా అత్తకి.

మాది మేనరికం. మా అత్త నాకు పెళ్ళికి ముందు కూడా అత్తే, మా మావయ్య పెళ్ళాం. మా ఆయన్ని చిన్నప్పట్నుంచీ బావా అని పిలిచేదాన్ని, ఇప్పటికీ అదే పిలుపు. అందుకని ఈ ఇంట్లో నాకు కొత్తకోడలి మర్యాదలు ఏనాడూ జరగలేదు. గడప దాటి లోపలికొచ్చిన మర్నాడే వంకాయల బుట్ట తెచ్చి నా ముందు పెట్టి తరగమంది అత్త. తరిగేను. ముక్కలు చూసి, "ఇయ్యి ముక్కలేటే గుంటా, రోడ్డుకేసిన కంకరా?" అంది. అక్కడ మొదలైంది మా ఇద్దరికీ. నేను హైస్కూల్లో తెలుగు చెప్తాను, పిల్లల పేపర్లు దిద్దుతాను, మార్కులేస్తాను. ఇంట్లో అత్త దగ్గర మాత్రం ఇన్నేళ్ళూ ఫెయిలవుతూనే ఉన్నాను.

మాది గజపతినగరం దగ్గర పల్లె. అత్త పుట్టిల్లు పాతపట్నం అవతల, ఒరిస్సాకి ఆనుకుని. గుమ్మడికాయని ఇప్పటికీ కొఖారు అంటాది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న సామానులో చివరికి మిగిలింది ఒక్క కత్తిపీటే. పదును పెట్టగా పెట్టగా కత్తి సగానికి సగం అరిగిపోయింది. చెక్క మీద ఆవిడ కాలు ఆనే చోట నున్నగా పల్లం పడిపోయింది.

కత్తిపీటకి కత్తి ముఖ్యం అనుకుంటారు. కాదు, కాలు ముఖ్యం. నేల మీద కూచుని, ఒక మోకాలు పైకి లేపి, ఆ పాదంతో చెక్కని అదిమిపట్టాలి. అప్పుడు రెండు చేతులూ ఖాళీ. కత్తి ఉన్నచోటే ఉంటాది, కూరే కత్తి మీదికి వెళ్తాది. ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళైనా, పెద్దకర్మైనా, ముందురోజు మధ్యాహ్నం ఆడవాళ్ళందరూ ఎవరి కత్తిపీట వాళ్ళు చంకన పెట్టుకుని వెళ్ళి పందిట్లో వరసగా కూచుంటారు. మధ్యన మా అత్త. ఎంత ముక్క కొయ్యాలో ముందు ఆవిడ ఒక కాయ కోసి చూపిస్తాది. మిగతావాళ్ళు అది చూసి కొయ్యాలి. కొయ్యకపోతే ఏం వినాల్సొస్తాదో ఊళ్ళో అందరికీ తెలుసు.

పోయిన వానాకాలం బోరు దగ్గర తోటకూర కడుగుతూ జారిపడింది. తుంటి విరిగింది. విజయనగరంలో ఆపరేషన్ చేసి రాడ్డు వేసేరు. పంపించేటప్పుడు డాక్టరు అన్నీ విడమరిచి చెప్పేడు. ఇంక ఈ జన్మకి నేల మీద కూచోకూడదు, కుర్చీ, మంచం, అంతే అన్నాడు. బావ తలూపేడు, నేనూ తలూపేను. అత్త ఒక్కతే నోరు విప్పింది. "మరి కూరల మాటేటి బాబూ?" అని అడిగింది. కూరలన్నీ తినొచ్చమ్మా, ఏం పత్యం లేదు అన్నాడాయన, ఎంతో దయగా. పాపం ఆయనకేం తెలుసు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు కత్తిని చేతిలోంచి చేతిలోకి ఇయ్యరు. చాకైనా, కొడవలైనా, ఇచ్చేవాళ్ళు కింద పెట్టాలి, పుచ్చుకునేవాళ్ళు అక్కణ్ణుంచి తీసుకోవాలి. చేతికిస్తే ఆ ఇద్దరికీ పడదంటారు, గొడవలొస్తాయంటారు. ఇన్నేళ్ళలో నేనూ అత్తా ఒక్కసారి కూడా ఆ పద్ధతి తప్పలేదు. ఎంత తొందరలో ఉన్నా కింద పెట్టే తీసుకున్నాం. అయినా మాకు పడిందేటి? బీరకాయకి చెక్కు ఎంత తియ్యాలి, అరటిపువ్వులో ఉడకని ఈనెలు, దొంగలంటాం, అవి ఏరేనా లేదా, చేమదుంప ఉడికించి తరగాలా, తరిగి ఉడికించాలా. దేనికైనా తగువే. నేను బడికెళ్తూ గుమ్మంలో చెప్పులేసుకుంటూ కూడా జవాబు చెప్పి వెళ్ళేదాన్ని. సాయంత్రం వచ్చేసరికి ఆవిడ ఆ జవాబుకి జవాబు తయారుగా ఉంచేది.

ఆస్పత్రి నుంచి వచ్చేక అత్తకి మాట తగ్గింది. అబద్ధమెందుకు, మొదట్లో నాకు హాయిగానే ఉంది. వంటింట్లో గట్టు దగ్గర నిలబడి, చిన్న చాకుతో నాకొచ్చినట్టు టకటకా తరిగీసుకుని, బస్సు అందుకునేదాన్ని. ఆవిడ మంచం ముందు గదిలో. అక్కణ్ణుంచి వంటింటి గట్టు కనపడదు. ఎంత ముక్క కోసేనో ఆవిడకి తెలిసేది కంచంలోకి వచ్చేకే. చూసేది, తినేది, ఏమీ అనీది కాదు.

తర్వాత నాకు గుబులు పట్టుకుంది. ఏదో ఒక పని చేతిలో ఉంటే మనిషి మళ్ళీ తేరుకుంటాదని, కుర్చీ ముందు స్టూలేసి, చెక్కపలకా చాకూ పెట్టేను. ఆవిడకి అది ఒంటబట్టలేదు. కూర కదలాలి గాని కత్తి కదలడమేటి అని మొదటిరోజు సణిగింది. రెండోరోజు వేలు కోసుకుంది. ఇంకో నాలుగురోజులు ఏదో చేసింది. ఒక సాయంత్రం నేను బడి నుంచి వచ్చి సంచీ కింద పెడుతుంటే, చాకు పట్టుకుని చెయ్యి ముందుకి చాపింది.

"తీసుకో," అంది. నేను అలవాటుగా అందుకునీసేను. పిడి నా చేతిలోకి వచ్చేక గాని తెలివిలోకి రాలేదు.

"అత్తా, చేతికిచ్చీసేవు," అన్నాను.

"ఇస్తే ఏటి," అంది. "ఇంక నీకూ నాకూ గొడవాడుకోడానికి ఏటున్నాది గనక."

అని అటు గోడవైపు తిరిగి పడుకుంది. నేను ఆ చాకు పట్టుకుని అలాగే నిలబడిపోయేను. గొడవ వస్తాదంటారు కదా, రానీ అని ఎదురుచూసేను. మర్నాడు రాలేదు, ఆ వారం రాలేదు. నిజంగానే రాలేదు. ఆవిడ పోతాదని కాదు నా భయం. డాక్టరు ఎముక అతుక్కుందనే చెప్పేడు. మనిషి మంచం మీద ఉండగానే ఇంట్లోంచి వెళ్ళిపోతున్నాదని భయం. అది నేను ఎవరికి చెప్తే అర్థమవుతాది?

బావకి చెప్పేను. మాటలతో పనేటని, ఆయన పనిలోకి దిగేడు. అత్త కత్తిపీటని భోజనాల బల్ల మీద పెట్టి, కొబ్బరితాడుతో బల్ల కాలికి కట్టేడు. అత్తని కుర్చీలో కూచోబెట్టి ఆనపకాయ చేతికిచ్చేం. కాలితో అదిమేది లేదు కదా, నొక్కగానే కత్తిపీట తాడుతో సహా జారి, బల్ల అంచు దాటి దబ్బున పడింది. ఇంకొంచెం ఇటైతే బావ పాదం మీదే. కమ్మరిని అడిగితే కత్తి సాగదీసిస్తాను, స్టాండు నా పని కాదన్నాడు. వడ్రంగిని అడిగితే స్టాండు చేస్తాను, కొలతలు మీరే తెమ్మన్నాడు. ఆన్‌లైన్లో బల్లకి బిగించే రకం ఒకటి తెప్పించేం. మరలు బిగించినా ఊగుతూనే ఉన్నాది. అత్త దాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు. బావ విసుగెత్తి రెండింటినీ అటక మీద పడీసేడు, అసలు కత్తిపీటనీ, ఆన్‌లైన్‌దాన్నీ. కళ్ళెదురుగా ఉంటే అమ్మకి మరీ దిగులు అన్నాడు. అదీ నిజమేననిపించింది.

అదిగో, అలాంటప్పుడు ఆ ప్రకటన వచ్చింది.

వెళ్ళాలా వద్దా? చెప్పుకుంటే ఎంత చిన్న సంగతి. బస్సెక్కి వైజాగు వెళ్ళి రావడం. ఈ వయసులో, ఈ మోకాళ్ళతో, ఆ చిన్న సంగతే నాకు కొండయి కూచుంది. ఆదివారం నాకు వారానికి ఒక్కటే. బట్టలన్నీ ఆరోజే. ఇడ్లీపిండీ ఆరోజే. దిద్దాల్సిన పేపర్ల కట్ట బీరువా మీంచి చూస్తూ ఉంటాది. అవన్నీ అయ్యేక మధ్యాహ్నం ఫానుకింద ఒక కునుకు. నిజం చెప్పాలంటే నేను వారమంతా ఆ కునుకు కోసమే బతుకుతన్నాను. అది పోతాది. పోనీ అది వదులుకున్నా, అత్తని ఎవరికి వదలాలి? బడి రోజుల్లో చూసుకునే మనిషి ఆదివారం రాదు. మంచం మీంచి లేపాలి, బాత్రూముకి తీసికెళ్ళాలి. కొడుకు చెయ్యి పట్టుకుని బాత్రూముకి వెళ్ళమంటే ఆవిడ ఒప్పుకోదు, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా బిగబట్టుకుని కూచుంటాది.

బావని అడిగేను. "ఎల్తే ఎల్లు, ఎల్లకపోతే మానీ," అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో నేను అడిగిన ప్రతిదానికీ ఆయన ఇచ్చిన సలహా అదే. కత్తి సూడ్డానికి వైజాగు దాకా ఏటే, సంతలో దొరకనిది అక్కడేటి దొరుకుతాది అని కూడా అన్నాడు.

మా ఆడపడుచు శృంగవరపుకోటలో ఉంటాది. నాకంటే చిన్నది, వదినా వదినా అని ప్రేమగానే ఉంటాది గాని దాని కాళ్ళూ దానివే, దాని నొప్పులూ దానివే. ఫోన్ చేసి సంగతి చెప్తే, అక్కడ ఉంటాదన్న గ్యారంటీ ఏటి వదినా, ముందు ఫోన్ చేసి కనుక్కో అంది. అదీ మంచి మాటే. ప్రకటనలో ఉన్న నంబరుకి చేసేను. ఒక కుర్రాడు ఎత్తి ముందు ఇంగ్లీషులో, తర్వాత హిందీలో, ఆఖరికి తెలుగులోకి దిగేడు. అన్ని రకాల బ్లేడ్లూ ఉన్నాయి మేడమ్ అన్నాడు. కత్తిపీట ఉందా నాయనా, ఎత్తుగా ఉండేది, అన్నాను. ఎవరినో అడిగొచ్చి, ఉంది మేడమ్, హెరిటేజ్ సెక్షన్‌లో ఉంది అన్నాడు. ఇప్పుడు చీరలకీ ఆ మాటే తగిలిస్తన్నారు, ఆవకాయకీ ఆ మాటే తగిలిస్తన్నారు. మన పాత సరుకుకి కొత్త పేరు పెట్టి అమ్ముతున్నారు కాబోలు, సరేలే అనుకున్నాను. ఎంతకిస్తారు, ఎలా బిగించాలి అని అడక్కుండానే ఫోన్ పెట్టీసేను. తెలుగు టీచర్నట, పిల్లలకి ప్రశ్న సరిగ్గా చదివి జవాబు రాయండని చెప్తాను.

అయినా శనివారం సాయంత్రానికి మనసు వెనక్కి లాగీసింది. బడిలో ఆరోజు ఎవరో అధికారి వస్తాడని పొద్దుట్నుంచీ నిలబెట్టేరు, ఆయన రాలేదు. ఇంటికొచ్చేసరికి నడుం రెండుగా విరిగినట్టుంది. వెళ్ళనులే, ఇంకో ఏడాది పెడతారు కదా అనుకున్నాను. అలా అనుకోగానే ఎంత తేలికపడ్డానో. పేపర్ల కట్ట కూడా ముద్దొచ్చింది.

ఆ తేలికలోనే బీరకాయలు తరిగేను. ముదురు కాయలు. ఈనెలు సరిగ్గా తియ్యలేదు, తీసే ఓపిక లేదు. పీచు పీచుగా ఉడికింది కూర. అత్తకి కంచంలో పెట్టిచ్చి, నా కంచంతో ఎదురుగా కూచున్నాను. రెండో ముద్దకి ఆవిడ నోట్లో చెయ్యి పెట్టుకుని, తాడులాంటి పీచు ఒకటి మెల్లిగా లాగి, కంచం అంచున పెట్టింది. మళ్ళీ ముద్ద కలుపుకుంది. మళ్ళీ ఇంకో పీచు. మాట లేదు. నాకు ఉండబట్టలేదు.

"కూర ఎలాగుందత్తా?"

"బాగుంది," అంది.

నా పెళ్ళై ఇన్నేళ్ళలో అత్త నా కూరని బాగుందనడం అదే మొదటిసారి. నేను కంచం అక్కడ వదిలీసి వంటింట్లోకి వచ్చీసేను. చెయ్యి కడుక్కుని ఆడపడుచుకి ఫోన్ చేసేను. రేపు పొద్దున్న మొదటి బస్సుకి వచ్చీయమ్మా, నేను వెళ్తన్నాను అన్నాను. ఏటైంది వదినా, అమ్మకేటైనా అయిందా అని కంగారుపడింది. మీ అమ్మ నా బీరకాయ కూర బాగుందంది అన్నాను. వస్తన్నాను అంది.

ఇప్పుడు ఆడవాళ్ళకి బస్సులో టిక్కెట్టు లేదు. టిక్కెట్టు లేదు కాబట్టి సీటూ లేదు. గజపతినగరం నుంచి విజయనగరం దాకా నిలబడే వెళ్ళేను. విజయనగరం కాంప్లెక్సులో బస్సు మారితే, వైజాగు బస్సులో అంతకు మించిన జనం. ఆనందపురం దగ్గర ఒకావిడ నన్ను చూసి జాలిపడి కొంచెం జరిగింది. సగం సీటు మీదా, సగం గాలిలోనూ కూచున్నాను. దిగేక ఆటో. ఆటో దిగేక ఎండ. హాలు బయట కుర్రాళ్ళు కత్తుల బొమ్మల ముందు సెల్ఫీలు తీసుకుంటన్నారు. జనంలో చీర కట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటాను.

లోపల చల్లగా ఉంది. దాని పుణ్యమా అని కాసేపు ఒక మూల నిలబడి ఊపిరి పీల్చుకున్నాను. బల్లల మీద నల్లగుడ్డలు పరిచి, లైట్లేసి, కత్తుల్ని వరసగా పడుకోబెట్టేరు. ఒకాయన కాగితం గాలిలో పట్టుకుని కోసి చూపిస్తన్నాడు, చుట్టూ జనం చప్పట్లు. ఒకాయన టమాటాని కాగితం కంటే పల్చగా కోసి అద్దానికి అంటిస్తన్నాడు. మా అత్త చూస్తే ఆ ముక్కలతో కూరేటి వండుతావురా నాయనా అనును. నేను ఎవరినీ చూడకుండా, హెరిటేజ్ సెక్షన్ ఎటు అని అడుక్కుంటూ వెళ్ళేను.

హాలు చివర ఒక చిన్న గది. గోడలకి పాత కత్తులు, డాళ్ళు. మధ్యలో అద్దాలపెట్టె. పెట్టెలో, తెల్లటి దిమ్మ మీద, కత్తిపీట. కాళ్ళూ లేవు, మరలూ లేవు. అద్దంలోంచి బాగా కనిపించాలని దిమ్మ మీద పెట్టేరు, అంతే. ఎవరింట్లోదో, చెక్క నల్లబడిపోయి ఉంది. కాలు ఆనే చోట దీనికీ పల్లం పడి ఉంది. చుట్టూ తాడు కట్టేరు. పక్కనున్న కుర్రాణ్ణి అడిగేను, ఇది అమ్ముతారా అని. లేదండీ, చూడ్డానికే అన్నాడు. దీనికి స్టాండు గాని, ఎత్తు పీట గాని ఉన్నాయా అన్నాను. వాడికి నా ప్రశ్న అర్థం కాలేదు. ఇప్పుడివి ఎవరూ వాడరు కదండీ అన్నాడు, నన్ను ఓదారుస్తన్నట్టు.

అక్కడ గోడవార కుర్చీ ఒకటుంటే కూలబడిపోయేను. కోపం రాలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి. ఒక్కగానొక్క ఆదివారం, సగం సీటు, ఎండ, ఆడపడుచు మోకాళ్ళు, అన్నీ కలిపి ఒక అద్దాలపెట్టె ముందుకి తెచ్చి పడీసేయి. మా అత్త ఇంకా మంచం మీద బతికే ఉంది. ఆవిడ కత్తిపీట అప్పుడే అద్దాల్లోకి ఎక్కీసింది. ఆ మాట తట్టేసరికి ఇంక అక్కడ కూచోలేకపోయేను.

ఉత్తిచేతులతో రాలేక, బయటికొచ్చే దారిలో ఒక బల్ల మీద ఎర్రపిడి చాకు చిన్నది కనిపిస్తే కొన్నాను. అక్కడున్నవాటన్నిటిలోకీ అదే చవక. కాగితంలో చుట్టి ఇచ్చేడు. తిరుగు బస్సులో మళ్ళీ నిలబడ్డాను. ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అని ఆలోచించే ఓపిక కూడా లేదు. విజయనగరం ఎప్పుడొచ్చిందో, బస్సెప్పుడు మారేనో కూడా సరిగ్గా గుర్తులేదు.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఆడపడుచు సంచీ సర్దుకుని తయారుగా కూచుంది, ఆఖరి బస్సుందని. దొరికిందా వదినా అని కళ్ళతోనే అడిగింది. లేదని తలూపేను. అది నా చెయ్యి ఒకసారి నొక్కి వెళ్ళిపోయింది. అత్త మంచం మీద దిండుకి ఆనుకుని కూచుని ఉంది. ఎక్కడికెళ్ళేవని అడగలేదు, ఏం తెచ్చేవని అడగలేదు. చెప్పులు కూడా విప్పకుండా మంచం దగ్గరికి వెళ్ళి, సంచీలోంచి కాగితం తీసి, విప్పి, ఆ ఎర్రపిడి చాకుని ఆవిడ వైపు చాపేను. ఆలోచన ఏమీ లేదు. ఒళ్ళంతా బస్సు కుదుపుతోనే ఉంది. చెయ్యి దానంతటదే వెళ్ళింది.

అత్త చప్పున చెయ్యి వెనక్కి లాక్కుంది.

"కింద పెట్టే గుంటా. కత్తి సేతికిస్తారా ఎవరైనా? నీకూ నాకూ పడకుండా పోవాలనేటి?"

ఆ గొంతు విని ఎన్ని నెలలైందో. పెరట్లో ఉన్న బావ కూడా విని, ఏటైందని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మంచం పక్కన స్టూలుంటే దాని మీద చాకు పెట్టేను. అత్త అక్కణ్ణుంచి తీసుకుంది. బొటనవేలితో అంచు తడిమింది. అటూ ఇటూ తిప్పింది.

"దీనికేనా పొద్దుటేల ఎల్లి ఇప్పుడొచ్చేవు? దీంతో అరటిపండు కూడా తెగదు. సదువుకున్నావు, ఏటి లాభం. నన్నడిగితే సెప్పీదాన్ని కాదా ఎల్లొద్దని."

అడిగితే మాత్రం నోరు విప్పీదానివా, అన్నాను. నాకు తెలీకుండానే గొంతు లేచింది. అడిగేవేటి, ఎప్పుడడిగేవు, అంది. ఇంటికి పెద్దదాన్ని, నాకు సెప్పకుండా వైజాగులు తిరుగుతారు, అంది. నిన్నటి కూరేటది, బీరకాయా గడ్డివామా, పీకలో అడ్డంపడి సచ్చీదాన్ని, అంది. మరి బాగుందన్నావేటి అన్నాను. ఏడవలేక అన్నాను అంది. బావ నా మొహం చూసి, ఆవిడ మొహం చూసి, మళ్ళీ పెరట్లోకి వెళ్ళిపోయేడు. నేను చెప్పులు విప్పుకుంటూ, ఆవిడకి కనిపించకుండా, కొంగుతో కళ్ళొత్తుకున్నాను. సంతోషమో, ఒట్టి అలుపో, నాకైతే తెలీదు. నెలల తరబడి ఎక్కడో బిగబట్టుకున్నది వదిలినట్టయింది.

కాసేపటికి గొంతు తగ్గించి అడిగింది. నా కత్తిపీట ఏటి సేసేరు, అని. అటక మీదుందన్నాను. దించమను ఆడిని అంది. నువ్వు కింద కూచోకూడదు అత్తా అన్నాను.

"నేనెందుకు కూకుంటాను. నువ్వు కూకో. ఈ మంచానికెదురుగా కూకో. నేను సూస్తాను."

అది మాకెవరికీ తట్టలేదు. స్టాండులూ మరలూ తాళ్ళూ తట్టేయి గాని, అది తట్టలేదు. అంటే రేపట్నుంచి గట్టు దగ్గర నిలబడి టకటకా తరుక్కోడానికి లేదు. పొద్దున్నే నా మోకాళ్ళు మడుచుకుని నేల మీద కూచోవాలి, ఆవిడ కళ్ళెదుట, ఒక్కో ముక్కకీ ఒక్కో మాట పడుతూ. తలుచుకుంటేనే నీరసం వచ్చింది. సరే అన్నాను.

సోమవారం పొద్దున్న బావ అటకెక్కి కత్తిపీట దించి, దుమ్ము దులిపి, నా ముందు నేల మీద పెట్టేడు. మంచానికెదురుగా కూచుని చెక్క మీద పాదం ఆన్చేను. ఆవిడ కాలు అరగదీసిన పల్లంలో నా కాలు సరిగ్గా పట్టలేదు, మడమ బయటే ఉండిపోయింది. చేతిలోకి వంకాయ తీసుకున్నాను.

"ముందా కూకోడమేటి," అంది అత్త మంచం మీంచి. "సరిగ్గా కూకో."

ఆరోజు బడికి ఆలస్యమైపోయింది.